కుంకుమ తాడు, ముఖం లేని దేవత

స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తలో దాన్ని 'నీలి కవిత్వం' అని వెక్కిరించారు. ఆ వెక్కిరింపు ఇంకా చెవుల్లో ఉండగానే 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చింది. పైట గురించి, చూపుల గురించి, పురిటినొప్పుల గురించి మన ముందుతరం కవయిత్రులు రాసినదాని మీద ఎన్ని సెమినార్లు జరిగాయో, ఎన్ని పరిశోధనలు వచ్చాయో లెక్కలేదు. నా డాక్టరేటూ ఆ దారిలో వచ్చిందే. కానీ సరిగ్గా అదే కాలంలో మన చుట్టుపక్కలే కొందరు స్త్రీలు అదే దేహం గురించి కలంతో కాకుండా కుంకుమతో, వెంట్రుకలతో, ఎముకలతో, కోసిన బొప్పాయితో మాట్లాడారు. వాళ్ల గురించి తెలుగులో మనం ఎంత రాసుకున్నాం? కవితలో కలవరపెట్టే వాక్యం కనబడితే దాన్ని పట్టుకుని పది పేజీలు రాయగలిగిన మనం, కలవరపెట్టే బొమ్మ ఎదురైతే 'అవి మనకు అర్థం కావులెండి' అని ఎందుకు తప్పుకుంటున్నాం?

ఈ వ్యాసంలో నాకు ఇష్టమైన కొందరు కళాకారుల గురించి రాస్తున్నాను. ఇష్టమైనవాళ్లు అంటే బొమ్మ తెచ్చి హాల్లో తగిలించుకోవాలనిపించే వాళ్లు కాదు. చూశాక నా పని నన్ను చేసుకోనివ్వని వాళ్లు. వాళ్ల పనుల్ని ఎక్కువగా పుస్తకాల్లో, ఫొటోల్లోనే చూశాను. నరసరావుపేటలో పాఠాలు చెప్పుకునేదానికి వెనిస్ బినాలె ఎక్కడ దొరుకుతుంది! ఫొటోలో వాసన తెలియదు, బరువు తెలియదు, మనిషి పక్కన నిలబడితే ఎంత ఎత్తుంటుందో తెలియదు. ఆ లోటు ఉంటుంది. అయినా అనువాదంలో చదివిన కవిత్వం గురించి మనం మాట్లాడటం లేదా? ఇదీ అలాంటిదే.

మన కళ్లకు అలవాటైన స్త్రీ ఎవరో ముందు చూద్దాం. వడ్డాది పాపయ్య (1921-1992) ముఖచిత్రాల మీద నిలబడ్డ సన్నని నడుము నాయిక. బాపు (1933-2014) గీసిన వాలుజడ పడుచు. తోట వైకుంఠం రంగుల్లో నిండుగా కూర్చున్న తెలంగాణ పల్లె స్త్రీ. 'బాపు బొమ్మలా ఉంది' అన్నది మన భాషలో పెళ్లిచూపుల పొగడ్త అయిపోయింది. వైకుంఠం స్త్రీలంటే నాకు గౌరవమే. నల్లటి ఒళ్లు, బలమైన భుజాలు, ముదురు రంగుల చీరలు గ్యాలరీ గోడెక్కడం చిన్న విషయం కాదు. కానీ ఆ నుదుటి మీద బొట్టు చూడండి, రూపాయి బిళ్లంత ఉంటుంది. బొట్టు లేని స్త్రీ ఆయన బొమ్మల్లో నాకు ఇంతవరకు కనబడలేదు. పొలాల్లో, సంతల్లో, బస్టాండ్లలో బొట్టు లేని ఆడవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లు బొమ్మలోకి ఎందుకు రాలేకపోయారన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న.

కలవరపెట్టే బొమ్మలు అనగానే మనవాళ్లు మొదట చెప్పే పేరు లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాదులో, బరోడాలో చదువుకున్న ఆయన 1970లలో చేసిన ఎచింగుల్లో పల్లె, చెట్టు, మేక, ఆడామగా దేహాలు ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొస్తాయి. పల్లెలో బాహాటంగా ఉన్న కామాన్ని పట్నం మర్యాద చాటుకు నెట్టేసిందని ఆ గీతల్లో ఒక కోపం ఉంది. ఆ గీత బలాన్ని కాదనలేను. కాకపోతే ఆ స్త్రీకి కోరిక ఉంది గానీ నెలసరి, కాన్పు, ముప్పై ఏళ్లకే తీసేయించుకున్న గర్భసంచి నాకు కనిపించవు. ఆ బొమ్మలు కలవరపెట్టేది మగవాడి మర్యాదను. ఆడవాళ్లు అందులో ఆ కలవరానికి పనిముట్లుగా మిగిలిపోతారేమోనని నా అనుమానం.

ఎవరి కలవరం అన్న ఈ ప్రశ్న 2007 మే నెలలో బరోడాలో పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో లలితకళలు చదువుతున్న తెలుగు విద్యార్థి శ్రీలమంతుల చంద్రమోహన్ పరీక్ష కోసం తన పనుల్ని ప్రదర్శనలో పెట్టాడు. ఒకదాంట్లో దేవతను ప్రసవిస్తున్నట్టు చూపించాడని, ఇంకోదాంట్లో శిలువను అవమానించాడని బయటివాళ్లు వచ్చి గొడవ చేశారు. మే 9న అతన్ని అరెస్టు చేశారు. దానికి నిరసనగా తోటి విద్యార్థులు తమ విభాగం ఆర్కైవులోంచి పాత శృంగార శిల్పాల ఫొటోలు తీసి ప్రదర్శన పెట్టారు. దాన్ని మూసేయడానికి ఒప్పుకోనందుకు డీన్ బాధ్యతలు చూస్తున్న శివాజీ పణిక్కర్‌ను సస్పెండ్ చేశారు.

ఆ చర్చలో ఒక పక్క 'దేవతను అలా చూపిస్తారా' అన్నవాళ్లు, ఇంకో పక్క 'ఖజురహోలో లేనిది ఏముంది' అన్నవాళ్లు. నేను రెండో పక్కనే ఉంటాను. కానీ ఆ జవాబు నాకు సరిపోదు. రెండు పక్షాలూ నగ్నత దగ్గరే ఆగిపోయాయి. అభ్యంతరం వచ్చిన బొమ్మలో ఉన్నది శృంగారం కాదు, కాన్పు. మిథున శిల్పాలు చూపించి కాన్పును సమర్థించడం ఎలా కుదురుతుంది? ఒకటి చూసేవాడి కోసం పెట్టిన భంగిమ. ఇంకొకటి చూసేవాడు ఉన్నాడో లేడో కూడా పట్టించుకునే స్థితిలో లేని దేహం. ప్రభుత్వాసుపత్రి పురిటి వార్డులో నర్సులు, ఆయాలు, తోడొచ్చిన తల్లులు రోజూ చూసేదే అది. దాన్ని దేవత దేహంలో చూపితే ఎవరి మనోభావం దెబ్బతింది? ఆ బొమ్మకు పూర్వీకురాలు కావాలంటే ఖజురహో దాకా పోనక్కర్లేదు. మా మాచర్ల పక్కనే ఉంది.

నాగార్జునకొండ అంటే మనకు బౌద్ధం గుర్తొస్తుంది. ఆ లోయలోని శిథిలాలు 1926లో పురావస్తు శాఖ దృష్టికొచ్చాయి. సాగర్ డ్యాం కడితే లోయంతా మునుగుతుందని 1954 నుంచి 1960 వరకు విస్తారంగా తవ్వకాలు జరిపారు. ఇప్పుడు లోయ నీళ్ల కింద ఉంది, కొండ మీద మ్యూజియం ఉంది, లాంచీ ఎక్కి వెళ్లి చూసొస్తాం. ఇక్కడి ఇక్ష్వాకుల శాసనాల్లో దానాలు చేసిన ఆడవాళ్ల పేర్లు చాలా కనిపిస్తాయి. రాజు తోబుట్టువు చాంతిసిరి ఉంది. రాజకుటుంబం కాని ఉపాసిక బోధిసిరి ఉంది. రాజులు యజ్ఞాలు చేస్తే రాణులు స్తూపాలు కట్టించారని మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్నాం.

ఆ లోయలోనే ఇంకో శిల్పం దొరికింది. అది పాఠాల్లో ఉండదు. కాళ్లు మడిచి, తొడలు రెండు పక్కలకూ తెరిచి, కాన్పుకు కూర్చున్నట్టున్న నగ్న స్త్రీ. మనకు దక్కిన రాయిలో తల లేదు. ఈ దేవతను దక్కన్‌లో చాలాచోట్ల తలకు బదులు తామరపువ్వు పెట్టి చెక్కారు. అలంపురంలో ఉన్నది అలాంటిదే. పిల్లల కోసం ఆడవాళ్లు మొక్కుకునే దేవత ఈమె. తర్వాతి కాలంలో ఈమెకు 'లజ్జాగౌరి' అన్న పేరు స్థిరపడింది. ఆ రాతిలో సిగ్గు ఎక్కడా లేదు. చూసినవాళ్లకు కలిగిన సిగ్గును తీసుకొచ్చి ఆమెకు పేరుగా పెట్టారు.

నాగార్జునకొండ శిల్పం మీద ప్రాకృతంలో ఒక చిన్న శాసనం ఉంది. మహారాజు ఎహువుల చాంతమూలుని భార్య, మహాదేవి ఖండువుల, ఈ ప్రతిమను చేయించింది. సుమారు మూడో శతాబ్దం చివరి సంగతి. తన గురించి ఆమె రెండు విశేషణాలు చెక్కించుకుంది. అవిధవ. జీవపుత. భర్త బతికున్నది, కొడుకు బతికున్నది.

ఈ రెండు మాటలు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఒక స్త్రీ తన పేరు మీద, తన డబ్బుతో, కాన్పు భంగిమలో ఉన్న దేహాన్ని రాతిలో నిలబెట్టింది. మనం గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ ఆ రెండు మాటల్ని పక్కనబెట్టి గర్వపడలేం. విధవ కానిది, కొడుకు పోనిది అని చెప్పుకోవాల్సి వచ్చిందంటే, అయ్యే అవకాశం, పోయే అవకాశం ఎప్పుడూ తల మీద ఉన్నట్టే కదా. ఎంత రాణి అయినా రేపు భర్త పోతే ఆ శాసనం అబద్ధమైపోతుంది. నాకు అందులో గొప్పతో పాటు భయం కూడా వినబడుతుంది. దిష్టి తగలకుండా కట్టుకున్న తాయెత్తులాంటి మాటలు అవి. దేహం ఎంత ధైర్యంగా ఉందో దాని కింది అక్షరాలు అంత బెదురుగా ఉన్నాయి.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోమాట. అవిధవ అన్న మాట నలిగి నలిగి తెలుగులో 'ఐదువ' అయిందని నిఘంటువులు చెబుతాయి. దాన్నుంచే ఐదోతనం. మనం పసుపు, కుంకుమ, గాజులు, మెట్టెలు, తాళి అని వేళ్ల మీద ఐదు లెక్కపెట్టుకుంటాం గానీ, ఆ మాటలో ఉన్నది ఐదు కాదు, 'విధవ కానిది'. పెళ్లిలో దీవించే పెద్దముత్తైదువ నోట్లో ఉన్నదీ, పల్నాటి రాతి మీద ఉన్నదీ ఒకే మాట. పదిహేడు వందల ఏళ్లుగా మనల్ని మనం ఒక లేమికి వ్యతిరేకపదంగా పిలుచుకుంటున్నాం.

ఇక్కడి నుంచి చూస్తే షీలా గౌడ నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పడం తేలిక. 1957లో కర్ణాటకలోని భద్రావతిలో పుట్టిన ఈమె మొదట చిత్రకారిణి. 1990లలో రంగులు వదిలి పేడ, దారం, కుంకుమ చేతికి తీసుకుంది. 1998లో మొదలుపెట్టిన ఒక పనికి ఆమె పెట్టిన పేరును తెలుగులో 'నా బాధ కూడా అతనికి చెప్పు' అనుకోవచ్చు. సూదుల బెజ్జాల్లోంచి దారాల్ని దూర్చి, వాటన్నిటినీ కలిపి, కుంకుమ, జిగురు పూసి తాడులా చేస్తుంది. ఆ పొడవాటి ఎర్ర తాడు గోడల మీద నుంచి నేల మీదకి చుట్టలు చుట్టలుగా జారుతుంది. చివర సూదులు గుత్తిగా వేలాడుతుంటాయి. అందులో స్త్రీ బొమ్మ ఎక్కడా లేదు, నగ్నత లేదు, రక్తం లేదు. ఉన్నది పూజగది కుంకుమ, కుట్టుపెట్టెలో సూదీ దారం. అయినా చూస్తుంటే కడుపులో తిప్పుతుంది.

గురజాల దగ్గర పల్లెలో మా పెద్దమ్మ ఉంది. పెదనాన్న పోయి పద్దెనిమిదేళ్లు. మిరపకాయల కాలంలో కల్లాల్లో తాలుకాయలు ఏరడానికి వెళ్తుంది. రోజంతా ఆ ఎరుపు మధ్యే కూర్చుంటుంది గానీ పేరంటంలో కుంకుమభరిణె దగ్గరకు మాత్రం రాదు. ఒకసారి నేను ల్యాప్‌టాప్‌లో ఈ ఫొటో చూస్తుంటే వెనక నుంచి తొంగిచూసి "ఇదేందే, పేగుల్లా ఉన్నయ్యే?" అంది. కుంకుమ పూసిన దారాలని చెప్పాను. "ఇంత కుంకమా! నాకు తుడిచింది చిటికెడేగా" అంది. అని మళ్లీ చిక్కుడుకాయల ఈనెలు తీసుకోవడంలో పడిపోయింది. ఈ పని మీద నేను చదివిన వ్యాసాల్లో బొడ్డుతాడు గురించి, శ్రమ గురించి మంచి విశ్లేషణలున్నాయి. కానీ ఆ చిటికెడుకీ ఈ తాడుకీ మధ్య ఉన్న కొలత పెద్దమ్మే చెప్పింది. నుదుటి మీద చిటికెడుగా కనిపించేది వెనక్కి లాగుతూ పోతే ఎంత పొడుగుందో ఆ తాడు చూపిస్తుంది. ఖండువుల రాతికి కట్టిన ముడిని షీలా గౌడ విప్పుతోందని నాకనిపించింది.

ఎంఏ అమ్మాయిలకు ఈ ఫొటోలు చూపించినప్పుడు మాత్రం క్లాసు ఒక్క మాట మీద లేదు. ఒకమ్మాయి నేరుగానే అడిగింది: "బాధ చెప్పడానికి ఇంత అసహ్యంగా చెప్పాలా మేడమ్?" ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. బయట మనకు రోజూ జరిగేది చాలక కళలో కూడా అదే చూడాలా అన్న అలసట అందులో ఉంది. నేను చెప్పింది ఇంతే: ముట్టు, మైల, పురుడు, పాచి... ఇంట్లో అసహ్యమని పేరుపెట్టినవన్నీ ఎవరి చేతుల మీదుగా శుభ్రమవుతున్నాయో చూడు. ముక్కు మూసుకుని పక్కకు తిరిగే వీలు అందరికీ సమానంగా లేదు. కలవరపెట్టే కళ ఆ వీలు ఉన్నవాళ్లను కాసేపు తిరగనివ్వకుండా ఆపుతుంది. ఆ అమ్మాయి పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలనీ నేను అనుకోలేదు.

వెనక బెంచీలోంచి వచ్చిన మాట ఇంకా పదునైనది. "మా ఇళ్లల్లో పెళ్లయినా బొట్టు పెట్టుకోరు మేడమ్. చర్చికి పోయేవాళ్లం. మా తాత చనిపోయిన మూడోరోజే మా నాయనమ్మ కూలికి పోయింది. ఆమెకు తుడవడానికి ఏమీ లేదు. నాకు ఈ తాడులో కుంకుమ కనబడట్లేదు, ఆ సూదులే కనబడుతున్నాయి." పల్నాడులో దళిత క్రైస్తవ కుటుంబాలు ఎన్నున్నాయో తెలిసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. మారుమనువు మామూలు విషయంగా ఉన్న కులాలూ మన పక్కనే ఉన్నాయి. కుంకుమ పోవడాన్ని స్త్రీలందరి బాధగా చెప్పేస్తే మనం ఒక నట్టింటి ఆచారాన్ని ఊరంతటికీ అంటగట్టినట్టే. స్త్రీవాద సాహిత్యంలో దళిత స్త్రీలు ఏనాడో అడిగిన ప్రశ్న ఇది. బొమ్మ దగ్గర కూడా అడగాలి. అయితే ఆ అమ్మాయికి కనిపించిన సూదులు కూడా షీలా గౌడ పెట్టినవే. కుంకుమను మోస్తున్నది దారం, దారాన్ని మోస్తున్నది శ్రమ. ఒకే పని ఇద్దరు స్త్రీలను రెండు చోట్ల గుచ్చింది.

మతం మాట వస్తే రుమ్మానా హుస్సేన్ (1952-1999) గురించి చెప్పకుండా ఉండలేను. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆమె కళ మారిపోయింది. కాన్వాసు పక్కనపెట్టి పగిలిన మట్టికుండలు, అద్దాలు, జేగురుమన్ను చేతిలోకి తీసుకుంది. 1995లో ముంబైలో తానే ఒక ప్రదర్శనగా నడిచింది. నోరు కేక వేస్తున్నట్టు తెరిచి ఉంది, శబ్దం లేదు. చేతిలో నిలువునా కోసిన బొప్పాయి. మనకు ఈ పండును వివరించి చెప్పాల్సిన పనిలేదు. నీళ్లోసుకున్న ఆడమనిషిని బొప్పాయి ముట్టుకోవద్దంటారు, కడుపు పోతుందని. ఆ ఎర్రటి గుజ్జు, నల్లటి గింజలు చూస్తే ఎందుకంటారో కంటికే తెలుస్తుంది. మతఘర్షణల్లో స్త్రీల గర్భాలకు ఏం జరుగుతుందో ఈ దేశంలో 1947లో చూశాం, 2002లో మళ్లీ చూశాం. ఆమె 1999లోనే రొమ్ము కాన్సర్‌తో వెళ్లిపోయింది.

నేను ఇష్టపడుతూనే పోట్లాడే పని అనితా దూబేది. 1997లో ఆమె నిజమైన మనిషి ఎముకలకు ఎర్ర ముఖమల్ తొడిగి, పూసలు, లేసులు కుట్టి పెళ్లికూతుర్ని చేసినట్టు అలంకరించింది. పేరు 'నిశ్శబ్దం - రక్త వివాహం'. ముచ్చటగా ఉంటుంది, అదే భయం వేస్తుంది. కానీ ఆ ఎముకలు ఎవరివి? చనిపోయిన మనిషికి ఒక పేరు ఉండి ఉంటుంది కదా. తల లేని దేవత కింద చేయించిన రాణి పేరుంది. ఇక్కడ కళాకారిణి పేరుంది, ఎముకల పేరు లేదు. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా చేయించినవాళ్ల పేరే మిగులుతుందా?

అదే ప్రశ్న షీలా గౌడకూ వేస్తాను. 2009లో వెనిస్ బినాలెలో ఆమె మనుషుల వెంట్రుకలతో పేనిన కిలోమీటర్ల పొడవు తాళ్లతో కారు బంపర్లను వేలాడదీసింది. బెంగుళూరులో దిష్టి తగలకుండా బండ్లకు వెంట్రుకల తాడు కడతారు. గుడిలో మొక్కు చెల్లించిన జుట్టు అది. మన ఊళ్లలో దువ్విన చిక్కు వెంట్రుకల్ని ఉండచుట్టి గోడ సందులో దాచి, బండి వచ్చినప్పుడు పిన్నీసులకో స్టీలు గిన్నెకో ఇచ్చే ఆడవాళ్లు నాకు గుర్తొచ్చారు. అంత మెత్తటి తాళ్లు అంత బరువైన ఇనుమును మోయడం చూస్తే ఎవరి మొక్కులు ఎవరి వాహనాలను కాపాడుతున్నాయో అర్థమవుతుంది. ఆ పని తర్వాత లండన్‌లోని టేట్ మ్యూజియానికి చేరింది. జుట్టిచ్చిన స్త్రీలు దాన్ని ఎప్పటికీ చూడరు. ఇది ఆమె తప్పని నేను అనను. అయితే ఆ దూరాన్ని కూడా బొమ్మలో భాగంగానే చూడాలంటాను.

ఐదువ అన్న మాట రాతికెక్కిన ఈ పల్నాడులోనే, ఇంకో తొమ్మిది వందల ఏళ్లకు, కథ ప్రకారం చిన్నతనంలోనే భర్త పోయిన నాగమ్మ గురజాలలో నలగామరాజుకు మంత్రి అయింది. యుద్ధానికి కారణం ఆమేనని ఊరూరా పాడుకున్నాం. కోడిపందెం దగ్గర్నుంచి కారెంపూడి నెత్తురు దాకా అంతా ఆమె ఖాతాలోనే రాశాం. బొట్టు లేని స్త్రీ చేతికి అధికారం వస్తే ఊరు నాశనమవుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఎవరికి దొరుకుతుంది! నాగమ్మను మంచిదనో చెడ్డదనో తేల్చకుండా, ఆ నుదురును నుదురుగా చూపించే బొమ్మ కోసం నేను ఇంకా వెతుకుతున్నాను. మన తెలుగు చిత్రకారిణులు ఎవరైనా వేసి ఉంటే దయచేసి చెప్పండి. వేయకపోతే, వేయదగ్గ బొమ్మ.

స్త్రీవాద కవిత్వం చెప్పేటప్పుడు ఈసారి కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' పక్కన నాగార్జునకొండ శిల్పం ఫొటో, దాని కింద ఆ రెండు ప్రాకృత పదాలు పెట్టబోతున్నాను. కవితకు ముఖం ఉంది, గొంతు ఉంది, దేవతకు లేవు. రెండింటినీ ఎదురెదురుగా పెడితే పిల్లలు ఏమంటారో చూడాలి. సాగర్ చూడటానికి వచ్చినవాళ్లు గేట్లు చూసి వెళ్లిపోతారు. మీరు వస్తే ఒక పూట ఎక్కువ ఉండండి, లాంచీ ఎక్కండి, ఆ శాసనాల్లోని ఆడవాళ్ల పేర్లు ఒకసారి పైకి చదవండి. మీ క్లాసుల్లో కూడా ఇలాంటి బొమ్మ ఒకటి చూపించి, మీ విద్యార్థినులు ఎక్కడ ఆగారో, ఎక్కడ ముఖం తిప్పుకున్నారో రాయండి. మన చిత్రకళా విమర్శ అక్కడి నుంచి మొదలవ్వచ్చు.